మడతపెట్టే ఈఎస్‌డీ కిట్: పట్టీ, మ్యాట్ బాగున్నాయి, సంచులు మాత్రం కావు

ఎలక్ట్రానిక్ బోర్డులను విప్పి మరమ్మతు చేసేవారి కోసం, కంప్యూటర్లలో మెమరీ, ప్రాసెసర్ వంటి భాగాలను మార్చేవారి కోసం, ఈఎస్‌డీ (పేరుకున్న స్థిర విద్యుత్తు ఒక్కసారిగా విడుదల కావడం) వల్ల ఆ భాగాలు పాడవకుండా ‘ఫీల్డ్ సర్వీస్ కిట్’ పేరుతో అమ్మే సామగ్రిలో సాధారణంగా మడతపెట్టుకోగల మ్యాట్, మణికట్టుకు కట్టుకునే రిస్ట్ స్ట్రాప్, దానికి తగిలించే చుట్టల తీగ, మ్యాట్‌ను ఎర్త్‌కు కలిపే మరో తీగ ఉంటాయి. నేను కొంతకాలంగా వాడుతున్న కిట్‌లో వీటితో పాటు కొన్ని గులాబీ రంగు ప్లాస్టిక్ సంచులను కూడా ఇచ్చారు. పెట్టె మీద ‘సంపూర్ణ స్థిర విద్యుత్ రక్షణ’ అని పెద్ద అక్షరాలతో ముద్రించారు. ఇదే కూర్పుతో అనేక పేర్ల మీద కిట్లు దొరుకుతున్నాయి కనుక తయారీదారు ఎవరన్నది ఇక్కడ ముఖ్యం కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: పట్టీ, మ్యాట్, తీగలు కొనదగినవే, సంచులు ఆ పెట్టెలో ఉండవలసినవి కావు, ఇక ‘సంపూర్ణ’ అన్న మాట నిజమో కాదో కొలిచి తెలుసుకునే సాధనం ఒక్కటి కూడా లోపల లేదు.

ఇలాంటి కిట్ అసలు అవసరమా అని అడిగేవారు చాలామందే ఉన్నారు. ‘ఇన్నేళ్లుగా వట్టి చేతులతోనే పట్టుకుంటున్నాం, ఏమీ కాలేదు కదా’ అన్నది వారి వాదన. ఆ వాదనలోని బలహీనత ఏమిటంటే, వేలికి చురుక్కుమని తెలియాలంటే శరీరం మీద పేరుకున్న వోల్టేజీ సుమారు 3,000 వోల్టుల వరకు ఉండాలి. అంతకు తక్కువ వోల్టేజీతో జరిగే విడుదల మనకు తెలియనే తెలియదు. చాలా మాస్‌ఫెట్ల (చిప్పుల్లో వాడే ఒక రకం ట్రాన్సిస్టర్ల) గేట్‌కు, అంటే వాటిని నియంత్రించే కొసకు, డేటాషీట్‌లో ఇచ్చే గరిష్ఠ పరిమితి ±20 వోల్టులే అని గుర్తు చేసుకుంటే, మన చర్మం ఈ విషయంలో ఎంత మొద్దు సాధనమో అర్థమవుతుంది. పరీక్షల కోసం మనిషి శరీరాన్ని 100 పికోఫారడ్‌ల కెపాసిటర్‌గా, 1,500 ఓమ్‌ల నిరోధంగా లెక్కగడతారు. ఈ లెక్కన 3,000 వోల్టుల వద్ద నిల్వ ఉండే శక్తి 0.45 మిల్లీజౌల్ మాత్రమే. కానీ అది వేలి కొన నుంచి చిప్పు పిన్నులోకి దూకినప్పుడు తొలి క్షణపు కరెంటు 2 ఆంపియర్ల వరకు పోతుంది, మొత్తం వ్యవహారం సెకనులో పది లక్షల వంతుకు లోపే ముగిసిపోతుంది. గేట్ కింద ఉండే ఆక్సైడ్ పొర చిల్లు పడడానికి ఆ సమయం చాలు.

చిల్లు పడిన భాగం అప్పటికప్పుడు పనిచేయడం మానేస్తే ఒక విధంగా అదృష్టమే, ఎందుకంటే కారణం కళ్ల ముందే ఉంటుంది. కొన్నిసార్లు ఆ భాగం పూర్తిగా చావదు; లీకేజీ కొద్దిగా పెరుగుతుంది, పరీక్షలో పాసవుతుంది, తర్వాత ఎప్పుడో వేడిలోనో లోడు మీదనో చేతులెత్తేస్తుంది. అప్పుడు నింద విద్యుత్ సరఫరా మీదో, భాగం నాణ్యత మీదో పడుతుందే తప్ప దానిని అమర్చిన చేతి మీద పడదు. వట్టి చేతులతో ఏమీ కాలేదనే అనుభవం సాక్ష్యంగా నిలబడకపోవడానికి ఇదే కారణం. వాతావరణం కూడా ఈ అనుభవాన్ని తప్పుదారి పట్టిస్తుంది: ఈ రంగంలో తరచుగా ఉదహరించే పట్టిక ప్రకారం తివాచీ మీద నడిచిన మనిషి మీద, గాలిలో తేమ 10–20 శాతం ఉన్నప్పుడు 35,000 వోల్టుల వరకు పేరుకుంటే, తేమ 65–90 శాతం ఉన్నప్పుడు 1,500 వోల్టులే పేరుకుంటాయి. తేమ ఉన్న రోజుల్లో ఏమీ తెలియకుండా గడిచిపోయిన పని, పొడి గాలి వీచే రోజుల్లోనూ, గాలిని ఆరబెట్టే ఏసీ గదిలోనూ అలాగే గడిచిపోతుందనుకోవడానికి వీల్లేదు. అయితే తేమ ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనీ కాదు; 1,500 వోల్టులు కూడా వేలికి తెలియనివే.

కిట్‌లోని వస్తువులలో అన్నింటికంటే విలువైనది రిస్ట్ స్ట్రాప్. దీనిది సాగే గుడ్డ పట్టీ. లోపలి వైపు విద్యుత్తును పారనిచ్చే దారాలు నేసి, ఒక చిన్న లోహపు పలక అమర్చారు. బిగించే కొక్కెం గట్టిగా ఉంది, చాలాసేపు కట్టుకున్నా ఒరుసుకోలేదు. చుట్టల తీగలో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంది. మల్టీమీటర్‌తో పట్టీ వైపు స్నాప్ (నొక్కితే అతుక్కునే గుండీ) నుంచి రెండో కొసనున్న బనానా ప్లగ్ (గుచ్చే ఒంటి పిన్ను) వరకు కొలిస్తే రీడింగు ఆ విలువకు దగ్గరగానే వచ్చింది. ఈ రెసిస్టర్ ఎందుకన్న దాని మీద కొనేవారిలో అపోహ ఉంది. దాని పని స్థిర విద్యుత్తును ఆపడం కాదు, మనిషిని కాపాడడం. పట్టీ కట్టుకుని ఉండగా రెండో చేయి పొరపాటున 250 వోల్టుల లైవ్ తీగకు తగిలినా, ఈ రెసిస్టర్ ఉన్నందున పట్టీ మీదుగా పోయే కరెంటు 0.25 మిల్లీఆంపియర్లు దాటదు. మరి అంత నిరోధం అడ్డుండగా ఒంటి మీద పేరుకున్న విద్యుత్ ఆవేశం ఎలా పోతుందంటే, 100 పికోఫారడ్‌లను 1 మెగాఓమ్ ద్వారా ఖాళీ చేసేటప్పుడు కాలస్థిరాంకం, అంటే ఆవేశంలో చాలా భాగం పోవడానికి పట్టే సమయం, సెకనులో పది వేల వంతు. కదలికల వల్ల కొత్తగా పుట్టే ఆవేశం కంటే పారిపోయేది ఎన్నో రెట్లు వేగంగా ఉంటుంది. కాబట్టి ఆ రెసిస్టర్‌ను తీసేసి నేరుగా తీగ కట్టుకుంటే రక్షణ పెరుగుతుందన్న సలహా ఎవరిచ్చినా వినకూడదు, అది ప్రాణం మీదికి తెచ్చే సలహా.

రెసిస్టర్‌ను తీగకు ఏ చివర పెట్టారన్నది కూడా చూడాలి. ఇందులో మణికట్టు వైపు కొసలో, స్నాప్ ఉన్న మూతలోనే అమర్చారు. తీగ మధ్యలో ఎక్కడైనా తోలు ఊడి లైవ్ భాగానికి తగిలితే, మనిషికీ ఆ చోటికీ మధ్య రెసిస్టర్ ఉంటుంది. ఎర్త్ వైపు కొసలో ఉంటే ఉండదు. చౌకరకం తీగల్లో ఈ తేడా పైకి కనబడదు కనుక కొనేటప్పుడు అడిగి తెలుసుకోవడం మంచిది. స్నాప్ కాస్త గట్టిగా లాగితే ఊడివచ్చేలా ఉంది, అది లోపం కాదు, అలాగే ఉండాలి. ప్రమాదం జరిగినప్పుడు మనిషి చేయి వెనక్కి లాక్కోగానే బంధం తెగిపోవాలి. దీని స్నాప్ 10 మిల్లీమీటర్లది. 4 మిల్లీమీటర్ల స్నాప్‌తో వచ్చే పట్టీలు కూడా మార్కెట్‌లో విరివిగా ఉన్నాయి కనుక విడిగా తీగ కొనేవారు కొలత చూసుకోకపోతే రెండూ కలవవు.

అన్ని రిస్ట్ స్ట్రాప్‌లకూ ఉండే బలహీనతలు దీనికీ ఉన్నాయి. ఒకటి చర్మం: బాగా పొడిబారిన చర్మం మీద, వెంట్రుకలు దట్టంగా ఉన్న చేతి మీద, పట్టీ కొద్దిగా వదులైన చోట తాకుడు నిరోధం విపరీతంగా పెరుగుతుంది. మనిషి, పట్టీ, తీగ కలిపి మొత్తం నిరోధం 35 మెగాఓమ్‌లకు లోపు ఉండాలన్నది ఈ రంగంలో స్థిరపడిన పరిమితి. అంటే పట్టీని బల్ల మీద పెట్టి కొలిస్తే సరిపోదు, కట్టుకుని కొలవాలి. దానికోసం ప్రత్యేకంగా తయారుచేసిన టెస్టర్లలో పట్టీ తీగను తగిలించి లోహపు మీటను వేలితో నొక్కితే పచ్చ దీపమో ఎర్ర దీపమో వెలుగుతుంది. కిట్‌లో అది లేదు. మల్టీమీటర్ ఉన్నవారు ఒక ప్రోబ్‌ను బనానా ప్లగ్‌కు తగిలించి, రెండో ప్రోబ్ లోహాన్ని పట్టీ లేని చేతి వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని సుమారుగా చూసుకోవచ్చు. కొలత కచ్చితంగా రాకపోయినా తీగ తెగిందా లేదా అన్నది తెలిసిపోతుంది. రెండో బలహీనత తీగ కొసలు. చుట్టల తీగ ఎక్కువగా తెగేది మధ్యలో కాదు, స్నాప్ మూత దగ్గర వంగే చోట, అది కూడా పై తోలు చెక్కుచెదరకుండానే. అందుకే కొలుస్తున్నప్పుడు ఆ కొసను అటూ ఇటూ వంచి చూడాలి; రీడింగు ఎగిరెగిరి పడితే ఆ తీగ పని అయిపోయినట్టే. తెగిన పట్టీ కట్టుకున్నవాడికి, ఏమీ కట్టుకోనివాడికి ఉండే జాగ్రత్త కూడా ఉండదు.

ఈ సందర్భంలో ‘తీగలేని’ రిస్ట్ స్ట్రాప్‌ల గురించి ఒక్క మాట. ఆవేశం పోవడానికి దారి కావాలి, ఆ దారే తీగ. తీగ లేని పట్టీ కట్టుకునేది అలంకారానికే.

ఎర్త్ తీగ విషయంలో ఈ కిట్ సగం పనే చేసింది. తీగ పొడవు చాలినంత ఉంది, మ్యాట్ మూలన ఉన్న స్నాప్‌కు గట్టిగా పట్టుకుంటుంది, రిస్ట్ స్ట్రాప్ బనానా ప్లగ్‌ను అదే స్నాప్ మూత మీద గుచ్చుకునే వీలుంది. ఈ చివరి ఏర్పాటు చిన్నదిగా కనిపించినా సరైన ఆలోచన, ఎందుకంటే మనిషి నుంచి ఎర్త్‌కు పోయే దారి మ్యాట్ ఉపరితలం మీదుగా కాకుండా నేరుగా ఉమ్మడి బిందువుకు చేరుతుంది. క్రొకడైల్ క్లిప్‌ను (మొసలి నోరులా పట్టుకునే క్లిప్పును) మ్యాట్ అంచుకు పట్టించి వదిలేసేవారికి పట్టీ నిరోధంతో పాటు మ్యాట్ నిరోధం కూడా కలుస్తుంది, అది ఎంతో ఎవరికీ తెలియదు.

తీగ రెండో కొసలో ఉన్నది మాత్రం ఒక క్రొకడైల్ క్లిప్, అంతే. దానిని దేనికి తగిలించాలన్నది కొన్నవారి విజ్ఞతకే వదిలేశారు. కంప్యూటర్ పెట్టెకు తగిలించేవారు రంగు వేసిన రేకుకు తగిలిస్తే ప్రయోజనం లేదు, రంగు ఇన్సులేటర్; రంగు లేని చోటుకో, మర తలకో పట్టించాలి. పరికరం ప్లగ్ ఊడదీసి పనిచేస్తున్నప్పుడు ఆ పెట్టెకు ఎర్త్ ఉండదు కదా అన్న సందేహం సహజం. మనిషి, మ్యాట్, పెట్టె మూడూ ఒకే బిందువుకు కలిసి ఉంటే వాటి మధ్య వోల్టేజీ తేడా ఉండదు, తేడా లేనిదే విడుదల జరగదు; ఆ ఒక్క పరికరం మీద పనిచేస్తున్నంతసేపు ఇది చాలు. చిక్కు వచ్చేది బయటి నుంచి కొత్త భాగాన్ని తెచ్చినప్పుడు. దానిని సంచితో సహా ముందు మ్యాట్ మీద పెట్టి, పట్టీ కట్టిన చేత్తో సంచిని తాకి, ఆ తర్వాతే బయటకు తీయాలి. స్థిరమైన బల్ల దగ్గర పనిచేసేవారికి ఇంతకంటే మెరుగైన దారి, ఎర్త్ పిన్ను ఒక్కటే లోహంతో చేసి మిగతా రెండు పిన్నులూ ప్లాస్టిక్‌తో చేసిన ప్రత్యేక ప్లగ్. దానిని గుచ్చే ముందు ఆ సాకెట్‌కు నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో పరీక్షించుకోవడం తప్పనిసరి. అది ఈ కిట్‌లో లేదు, విడిగా కొనాలి. అది లేదు కదా అని వట్టి తీగ కొసను సాకెట్ రంధ్రంలో దోపేవారిని చూస్తుంటాం. స్థిర విద్యుత్తు నుంచి చిప్పును కాపాడబోయి ఇంటి విద్యుత్తు నోట్లో చేయి పెట్టడం అది.

మ్యాట్ గురించి నాకు ఫిర్యాదు లేదు. రెండు పొరల వినైల్ మ్యాట్ ఇది: పై పొర ఆవేశాన్ని మెల్లగా పారనిస్తుంది, అడుగు పొర దానిని వేగంగా స్నాప్ దాకా చేరుస్తుంది. ఒక అంచున రెండు జేబులు కుట్టారు, విప్పిన మరలనూ చిన్న కార్డులనూ వేసుకోవడానికి బాగున్నాయి. మడతల దగ్గర ఇంతవరకు చీలలేదు. వినైల్ కనుక టంకం పెట్టే ఇనుము తగిలితే మచ్చ పడుతుంది. రోజంతా సోల్డరింగ్ చేసే బల్లకు రబ్బరు మ్యాట్ తీసుకోవాలి తప్ప ఇది కాదు. మడతపెట్టే మ్యాట్ నుంచి అంతకు మించి ఆశించడం న్యాయం కాదు.

అయితే మ్యాట్‌ను మల్టీమీటర్‌తో కొలిచి ‘పనిచేయడం లేదు’ అని తేల్చేసే కొనుగోలుదారుల అభిప్రాయాలు తరచుగా కనిపిస్తాయి కనుక ఆ విషయం కొంత వివరంగా చెప్పాలి. మంచి మ్యాట్ పై పొర నిరోధం సాధారణంగా 10 లక్షల ఓమ్‌ల నుంచి 100 కోట్ల ఓమ్‌ల మధ్య ఉంటుంది. మామూలు మల్టీమీటర్లు కొన్ని పదుల మెగాఓమ్‌ల దగ్గరే ఆగిపోతాయి. పైగా సన్నటి ప్రోబ్ మొన మ్యాట్‌ను తాకేది సూదిమొనంత చోటే. తెర మీద ‘ఓవర్‌లోడ్’ అని వచ్చినంత మాత్రాన మ్యాట్ చెడ్డదని అర్థం కాదు, మీటరు దానిని కొలవలేకపోయిందని అర్థం. సరైన కొలత తీయాలంటే 2.27 కిలోల బరువు, 63.5 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చదునైన ఎలక్ట్రోడును మ్యాట్ మీద నిలిపి, 10 వోల్టులు లేదా 100 వోల్టులు ప్రయోగించే మెగాఓమ్ మీటరుతో కొలవాలి. ఆ పద్ధతిలో పరీక్షించినప్పుడు ఈ మ్యాట్ పరిమితి లోపే నిలిచింది.

నిరోధం తక్కువైతే ఇంకా మంచిదే కదా అన్న వాదన కూడా వినబడుతుంది. అల్యూమినియం రేకు పరిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. సరిపోదు. ఆవేశం ఎక్కేది మనిషి మీద మాత్రమే కాదు, చిప్పు మీద కూడా. ప్లాస్టిక్ గొట్టంలోంచి జారుతూ వచ్చిన ఐసీ ఆ రాపిడికే ఆవేశం పుంజుకుంటుంది. దాని పిన్ను లోహాన్ని తాకగానే ఆ ఆవేశమంతా నానోసెకను వ్యవధిలో ఒక్కసారిగా దూకుతుంది, చేతికి పట్టీ ఉన్నా లేకపోయినా ఈ నష్టం జరుగుతుంది. మనిషి తాకడం వల్ల కలిగే విడుదలకు ఒక పరీక్షా నమూనా, ఆవేశం ఎక్కిన భాగమే విడుదల కావడానికి మరో నమూనా వేరువేరుగా ఉండడానికి కారణం ఇదే. మ్యాట్ నిరోధం కావాలని ఎక్కువగా ఉంచేది ఆ దూకుడును నెమ్మది చేయడానికి. లోహపు రేకు మీద బ్యాటరీ ఉన్న బోర్డు పెడితే షార్ట్ అయ్యే ప్రమాదం సరేసరి.

శుభ్రత విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఇంట్లో బల్లలు మెరవడానికి వాడే సిలికోన్ కలిసిన ద్రవాలతో మ్యాట్ తుడిస్తే పైన కంటికి కనబడని ఇన్సులేటర్ పొర మిగిలిపోతుంది. మ్యాట్ కొత్తదిలా మెరుస్తుంది, పని మానేస్తుంది. మ్యాట్‌ల కోసమే తయారుచేసిన క్లీనరు గానీ, గుడ్డకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ చాలు.

ఇక సంచులు. గులాబీ రంగు పాలిథీన్ సంచి మీద ‘యాంటీస్టాటిక్’ అని రాసి ఉంటుంది, అది అబద్ధం కాదు. ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనం పైకి ఊరి, గాలిలోని తేమను పట్టుకుని, సంచి రాపిడికి తాను ఆవేశం పుంజుకోకుండా చూస్తుంది. అది చేసేది అంతవరకే. బయట నుంచి ఆవేశం ఉన్న వేలు తాకితే లోపలి బోర్డును అది కాపాడలేదు. పైగా ఆ రసాయనం కాలక్రమంలో తగ్గిపోతుంది, పొడి గాలిలో మొదటి నుంచీ అంతంతమాత్రమే. లోపలి భాగాన్ని కాపాడేది పలుచని లోహపు పొర ఉన్న, బూడిద రంగులో పారదర్శకంగా కనిపించే షీల్డింగ్ సంచి. ఆ రకం సంచులను పరీక్షించేటప్పుడు బయట 1,000 వోల్టుల విడుదల ఇచ్చి లోపలికి చేరే శక్తిని కొలుస్తారు; అది 20 నానోజౌల్‌ల లోపు ఉండాలి. గులాబీ సంచికి ఈ పరీక్షతో సంబంధమే లేదు. అలాంటప్పుడు ‘సంపూర్ణ రక్షణ’ అన్న పెట్టెలో బోర్డులు దాచుకోమని వాటినే ఇవ్వడం కొనుగోలుదారుని తప్పుదారి పట్టించడమే. నా దగ్గర అవి ఇప్పుడు మరలకూ బ్రాకెట్లకూ ఉపయోగపడుతున్నాయి.

షీల్డింగ్ సంచులు విడిగా కొనుక్కునేవారు కూడా గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. నోరు తెరిచి ఉంచిన సంచి రక్షించదు, మడిచి అతికించాలి. చిల్లు పడినవీ, ముడతలు పడి లోహపు పొర తెల్లగా చిట్లినవీ పారేయాలి. బోర్డును సంచి లోపల కాకుండా సంచి పైన పరిచి పనిచేయడం చాలామందికి అలవాటు. సంచి రక్షణ లోపలి వస్తువుకే గానీ పైన పెట్టిన దానికి కాదు, ఎర్త్‌కు కలపని ఆ సంచి మ్యాట్‌కు ప్రత్యామ్నాయం కాదు. బ్యాటరీ తీయని బోర్డును కార్బన్ కలిపిన నల్ల సంచిలో పెట్టకపోవడం మేలు, ఆ సంచి పదార్థమే కరెంటును పారనిస్తుంది.

కిట్‌తో ఇచ్చిన సూచనల కాగితం మరీ పొట్టిది. మ్యాట్ పరచండి, పట్టీ కట్టండి, క్లిప్ తగిలించండి అన్నదే దాని సారాంశం. పట్టీని, తీగలను ఎర్త్‌కు కలిపినా బల్ల మీద మిగిలే ప్లాస్టిక్ మీద వాటి ప్రభావం ఏమీ ఉండదన్న మాట అందులో లేదు. ఇన్సులేటర్ మీది ఆవేశం తీగ కట్టినా కదలదు. అప్పుడే ఊడదీసిన టేపు చుట్ట, థర్మకోల్ ముక్క, ప్లాస్టిక్ కవరు, నురగ కప్పు వంటివి వేల వోల్టులు మోసుకుంటూ కూర్చుంటాయి. వాటి విద్యుత్ క్షేత్రంలో ఉన్న బోర్డును ఎర్త్ చేసిన చేత్తో తాకినా విడుదల జరగవచ్చు. అలాంటి వస్తువులను బోర్డుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, పని కోసం తప్పనిసరిగా దగ్గర ఉండవలసినవైతే అయోనైజర్ (గాలిలోకి అయాన్లను వదిలి ఆవేశాన్ని తటస్థం చేసే పరికరం) వాడాలి. టంకం పీల్చే ప్లాస్టిక్ పంపు కూడా ఈ కోవలోనిదే, దానిలోనూ ఆవేశం పుట్టని రకాలు దొరుకుతాయి.

అన్నింటికంటే పెద్ద లోటు మరొకటి. పెట్టెలోగానీ కాగితంలోగానీ, తెరిచి ఉంచిన పరికరంలో ఎక్కువ వోల్టేజీ ఉన్నప్పుడు, అంటే ప్లగ్ పెట్టి ఉన్న పవర్ సప్లై ప్రైమరీ వైపు (ఇంటి విద్యుత్తు నేరుగా వచ్చే వైపు) గానీ, పాత పిక్చర్ ట్యూబు టీవీల్లోగానీ పనిచేసేటప్పుడు పట్టీ కట్టుకోవద్దన్న హెచ్చరిక లేదు. 1 మెగాఓమ్ రెసిస్టర్ ఇంటి విద్యుత్తు స్థాయికి లెక్కగట్టినది, కిలోవోల్టులకు కాదు. ఈ ఒక్క వాక్యం ముద్రించడానికి తయారీదారుకు అదనపు ఖర్చేమీ ఉండదు. గులాబీ సంచులు తీసేసి వాటి స్థానంలో రెండు షీల్డింగ్ సంచులు, ఒక ఎర్త్ ప్లగ్ పెడితే పెట్టె ధర కొంత పెరగవచ్చు, అయినా నేను ఆ పెట్టెనే కొంటాను. ప్రస్తుతానికి ఈ కిట్ తీసుకునేవారు పట్టీ టెస్టర్‌ను, ఆ ప్లగ్‌ను, షీల్డింగ్ సంచులను కూడా అదే రోజు కొనుక్కోవాలి. డబ్బు అన్నింటికీ చాలకపోతే ముందు టెస్టర్ తీసుకోవాలి.